పాత వీసీఆర్‌ను ఎల్‌ఈడీ టీవీకి కలిపితే గుయ్‌మని శబ్దమే వస్తోంది, బొమ్మ రావట్లేదు. ఏం చేయాలి?

మీ టీవీ వెనక మూడు రంగుల సాకెట్లు లేవని, ఏవీ అని రాసి ఉన్న చిన్న రంధ్రంలో బజార్లో కొన్న వైరు పెట్టారని, పెళ్లి క్యాసెట్ వేస్తే గుయ్‌మంటోందని రాశారు. వీసీఆర్‌ను రిపేరుకు తీసుకెళ్లకండి. మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది. తేడా వైరులోనే ఉంది.

ఆ వైరుకు ఒక పక్క టీవీలో పెట్టే 3.5 మిల్లీమీటర్ల పిన్ను, రెండో పక్క పసుపు, ఎరుపు, తెలుపు చివరలు ఉంటాయి. ఆ పిన్నును దగ్గరగా చూడండి. మూడు నల్ల గీతలు, వాటి మధ్య నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. రెండు ఆడియోకి, ఒకటి వీడియోకి, ఒకటి గ్రౌండ్‌కి. ఏది ఎక్కడ ఉండాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. క్యామ్‌కార్డర్ వైరు, సెట్‌టాప్ బాక్స్ వైరు, టీవీ వైరు పైకి ఒక్కలాగే కనిపిస్తాయి, షాపువాళ్లు కూడా ఏదో ఒకటి చేతిలో పెడతారు. వీడియో సిగ్నల్ ఆడియో దారిలోకి పోతే వచ్చేదే ఆ గుయ్‌మనే మోత.

వీసీఆర్ వీడియో అవుట్ నుంచి వచ్చే వైరును పసుపు చివర నుంచి తీసి ఎరుపుకి పెట్టి చూడండి. మా టీవీలో అలా పెట్టగానే బొమ్మ వచ్చింది. ఎరుపుకి రాకపోతే తెలుపుకి పెట్టండి. రంగులు కలవకపోయినా ఏమీ కాలిపోదు. అప్పటికీ రాకపోతే గ్రౌండ్ చోటు వేరన్నమాట, టీవీ మోడల్ నంబర్ చెప్పి దానికి సరిపడే వైరే కొనండి. వీసీఆర్ వెనక ఆడియో అవుట్ ఒక్కటే ఉందని టెన్షన్ పడొద్దు, అది మోనో మెషీన్.

ఏవీ సాకెట్టే లేని టీవీ అయితే 'ఏవీ టు హెచ్‌డీఎంఐ' కన్వర్టర్ కావాలి. 'హెచ్‌డీఎంఐ టు ఏవీ' అని దీనికి కవల పిల్లలాంటిది ఇంకోటి దొరుకుతుంది, అది పనికిరాదు. కన్వర్టర్‌కు యూఎస్‌బీ నుంచి 5 వోల్టుల కరెంటు కూడా ఇవ్వాలి. టేపు అరిగిపోయి సిగ్నల్ నిలకడగా లేకపోతే కొన్ని కన్వర్టర్లు బొమ్మను మధ్యమధ్యలో ఆపేస్తాయి, కాబట్టి ఏవీ ఉన్నవాళ్లకు నేరుగా కలుపుకోవడమే నయం.

బొమ్మ వచ్చాక టీవీ సెట్టింగ్స్‌లో బొమ్మ కొలతను 4:3కి, అంటే పాత టీవీల ఆకారానికి పెట్టండి. లేదంటే పీటల మీద కూర్చున్న సన్నపాటి పెళ్లికొడుకు కూడా బొద్దుగా తయారవుతాడు! అడ్డగీతలు కనిపిస్తే వీసీఆర్ మీదున్న ట్రాకింగ్ బటన్ వాడండి.

వీటన్నిటికన్నా ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. తెల్లటి మచ్చలుంటే బూజు. అలాగే వేస్తే వీసీఆర్‌లో టేపును చదివే హెడ్ మీద పేరుకుని, తర్వాత వేసే క్యాసెట్లకూ అంటుతుంది. అలాంటిదాన్ని శుభ్రం చేయించాకే వేయండి. బూజు లేకపోయినా మొదట పోయినా ఫర్వాలేదనుకునే సినిమా క్యాసెట్ ఏదైనా వేసి, టేపు నలగకుండా బయటికి వస్తోందా చూసుకోండి.

చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన ఫునాయ్ కంపెనీ కూడా 2016లో ఆపేసింది, విడిభాగాలు కూడా సులువుగా దొరకవు. బాగా ఆడుతున్నప్పుడే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంతో కంప్యూటర్లోకి ఎక్కించేయండి. మీది ఈ-180 క్యాసెట్ నిండా ఉంటే మూడు గంటలూ ఆడించాల్సిందే, తొందరగా ముగించే దారి లేదు.