ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై లీగైన ప్రీమియర్ లీగ్‌లో చిన్న క్లబ్బులు సీజన్ మధ్యలోనే మేనేజర్‌ను (జట్టు ప్రధాన కోచ్‌ను) ఎందుకు తీసేస్తాయి?

జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లను కొనడానికి, అమ్మడానికి ఇచ్చే గడువు) మూసేశాక క్లబ్ మార్చగలిగింది దాదాపు మేనేజర్‌ను మాత్రమే కాబట్టి. 20 జట్లలో అడుగున ఉన్న మూడూ కింది డివిజన్‌కు పడిపోతాయి. అలా పడితే టీవీ హక్కుల డబ్బు ఒక్కసారిగా తగ్గిపోతుంది. పడినవాళ్లకు కొన్నేళ్లు ఇచ్చే 'పారాచూట్' సొమ్ము ఆ లోటును పూర్తిగా పూడ్చదు. దాంతో పోలిస్తే మేనేజర్‌కిచ్చే పరిహారం చిన్న ఖర్చే.

బర్న్‌లీ క్లబ్ సంగతే చూడండి. 2012 అక్టోబర్ నుంచి మేనేజర్‌గా ఉన్న షాన్ డైచ్ ఆ జట్టును రెండుసార్లు పై లీగ్‌కు తెచ్చాడు, 2017-18లో ఏడో స్థానంలో నిలిపాడు. అయినా 2022 ఏప్రిల్ 15న తీసేశారు. అప్పటికి ఆ సీజన్‌లో 30 మ్యాచుల్లో గెలిచింది నాలుగు, పాయింట్లు 24. తాత్కాలికంగా వచ్చిన మైక్ జాక్సన్ మిగిలిన 8 మ్యాచుల్లో 11 పాయింట్లు రాబట్టాడు. మొత్తం 35. పోటీలో ఉన్న మరో జట్టు లీడ్స్ 38తో గట్టెక్కింది, బర్న్‌లీ పడిపోయింది.

కొత్తాయన రాగానే గెలుపులొస్తే అదంతా ఆయన మహిమే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మేనేజర్‌ను తీసేసేది జట్టు మరీ అధ్వానంగా ఆడుతున్నప్పుడు. ఎవరున్నా ఆ తర్వాత కాస్త మామూలు స్థాయికి రావడం సహజం. ప్రత్యర్థులెవరన్నదీ చూడాలి: జాక్సన్ వరసగా గెలిచిన మూడింటిలో ఒకటి వాట్‌ఫర్డ్ మీద, అదీ ఆ ఏడాది పడిపోయిన జట్టే.