బయటి పొర మీద పని మొదలుపెట్టే ముందు

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. కణం చుట్టూ రెండు పొరలుండే గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా బయటి పొర మీద పని మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. ఒక్క మాట ముందే చెప్తాను: పరీక్ష పెట్టేటప్పుడు ఆ బ్యాక్టీరియా ఏ జాతిదో తెలిస్తే చాలదు, నిన్న రాత్రంతా అది దేంట్లో, ఎంత వేడిలో పెరిగిందో కూడా తెలియాలి.

కొత్తలో నేను సాల్మొనెల్లాని మెగ్నీషియం బాగా తక్కువున్న మీడియంలో (బ్యాక్టీరియాని పెంచే పోషక ద్రావణంలో) పెంచి పాలిమిక్సిన్ అనే యాంటీబయాటిక్ వేశాను. చావలేదు. జన్యువు మారిన మ్యుటెంట్ దొరికిందనుకుని మూడు నెలలు జన్యువుల వెంట పడ్డాను. చివరికి అదే కల్చర్‌ని మెగ్నీషియం దండిగా ఉన్న మీడియంలోకి మార్చి, రాత్రంతా పెంచి, మళ్లీ అదే మందు వేస్తే తెల్లారేసరికి ప్లేటు మీద ఒక్క కాలనీ లేదు. ఆ ఖాళీ ప్లేటు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

జరిగిందేమిటంటే, పొర పైవరసలో ఉండే ఎల్‌పీఎస్ (లిపోపాలిశాకరైడ్, అంటే కొవ్వు, చక్కెర కలిసిన పదార్థం) అణువులకి ఫాస్ఫేట్ల వల్ల రుణావేశం ఉంటుంది, అవి ఒకదాన్నొకటి నెట్టుకోకుండా మధ్యలో పట్టి ఉంచేది మెగ్నీషియం, కాల్షియం అయాన్లు. మెగ్నీషియం తగ్గిందని ఫోక్యూ అనే ప్రోటీన్ పసిగట్టి జన్యువుల్ని నడిపే ఫోపీ అనే ప్రోటీన్‌కి కబురందిస్తుంది. అప్పుడు ఎల్‌పీఎస్‌లోని కొవ్వు భాగమైన లిపిడ్ ఏ ఫాస్ఫేట్లకి అమైనో అరబినోస్ అనే చక్కెర తగులుకుని రుణావేశం తగ్గుతుంది, ప్యాగ్‌పీ అనే ఎంజైము ఇంకో కొవ్వు తోక అతికిస్తుంది, ఇక ధనావేశంతో వచ్చే పాలిమిక్సిన్‌కి పట్టు చిక్కదు. అందుకే మందుకి లొంగని కల్చర్ కనిపిస్తే కంగారుపడి సీక్వెన్సింగ్‌కి పంపకు. మందు లేకుండా, మెగ్నీషియం ఉన్న మీడియంలో కొన్ని తరాలు పెంచి చూడు. మొండితనం పోతే అది సర్దుబాటు. పోకపోతే మ్యుటేషనో, 2015లో బయటపడ్డ ఎంసీఆర్-1 లాంటి, బ్యాక్టీరియాల మధ్య చేతులు మారే చిన్న డీఎన్‌ఏ వలయం (ప్లాస్మిడ్) మీది జన్యువో అయ్యుండొచ్చు, అప్పుడు వెతుకు.

ఉప్పు సంగతీ అంతే. ఈ. కోలైలో ద్రావణం గాఢత పెరిగితే ఎన్వ్‌జీ, ఓమ్‌పీఆర్ అనే ప్రోటీన్లు కలిసి, పొరలో దారులుగా ఉండే పోరిన్లనే ప్రోటీన్లలో పెద్ద రంధ్రమున్న ఓమ్‌పీఎఫ్‌ని తగ్గించి, కాస్త ఇరుకైన ఓమ్‌పీసీని పెంచుతాయి. కానీ ఉప్పు కలిపిన పది నిమిషాలకే శాంపిల్ తీసి ఏమీ మారలేదని రాసేయకు తల్లీ, పాత పోరిన్లు పొరలోనే ఉండిపోతాయి, కణాలు విడిపోతున్నకొద్దీ వాటి వాటా పలచబడుతుంది. గంటల లెక్క కాదు, తరాల లెక్క పెట్టుకో.

ఇంక్యుబేటర్ మీది అంకెని నమ్మకుండా ఫ్లాస్కులో థర్మామీటరు పెట్టి చూడు. 12 డిగ్రీల దగ్గర పెరిగే ఈ. కోలై లిపిడ్ ఏలో లారిక్ ఆమ్లం బదులు చాలావరకు పామిటోలిక్ ఆమ్లం చేర్చుకుంటుంది, చలిలో పొర బిగుసుకుపోకుండా ఉండటానికి. ప్లేగు బ్యాక్టీరియా ఇంకా గడుసుది: 37 డిగ్రీలకి రాగానే లిపిడ్ ఏకి ఆరు తోకల బదులు ఎక్కువగా నాలుగే ఉంచుకుంటుంది, దాంతో మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని సరిగా పసిగట్టలేదు.

ఇంకొకటి, పాలిమిక్సిన్లలో ఒకటైన కొలిస్టిన్ ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది, అగార్‌లో సరిగా పాకదు. అగార్ మీద మందు డిస్కులతో సరిపెట్టకుండా బ్రాత్ మైక్రోడైల్యూషనే (ద్రవ మీడియంలో మందుని మెట్లుమెట్లుగా పలచన చేసి చూసే పరీక్ష) చెయ్యి. మొదటి ప్లేట్ల ఫొటోలు పంపేటప్పుడు మీడియం సీసా మీది లాట్ నంబరు కూడా రాయి, కలిసి చూద్దాం.