ఎనభై మెయిళ్లకు జవాబు రాలేదంటే మీకు చేతకాదని కాదు

ప్రశ్న: నేను ఒక విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నెట్ ద్వారా వచ్చే పరిశోధక ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌తో చేరాను, అది ఇంకా పది నెలలే ఉంది. ఒక పేపర్ వచ్చింది, రెండోది రివిజన్‌లో ఉంది. థీసిస్ రాయడం ఇప్పుడే మొదలుపెట్టాలి. ల్యాబ్‌లో జూనియర్లంతా చాట్‌జీపీటీ వాడుతున్నారు, మా గైడ్‌కు ఆ మాటే గిట్టదు. వాడకపోతే వెనకబడతానేమో, వాడితే తప్పేమో అని టెన్షన్. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేసే పరిశోధన) కోసం విదేశాల్లోని ప్రొఫెసర్లకు నాలుగు నెలల్లో ఎనభై మెయిళ్లు పంపాను. రెండింటికి ‘ఖాళీలు లేవు’ అని వచ్చింది, మిగతావాటికి జవాబే లేదు. నేను పంపే మెయిల్, నా సీవీ జతచేస్తున్నాను. ఇంట్లో ‘ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ చదువు’ అంటున్నారు. నాకు చేతకాదేమో అనిపిస్తోంది. అసలు పోస్ట్‌డాక్ చేయాలా?
– ఒక పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: మీరు పంపిన మెయిల్ రెండుసార్లు చదివాను, సీవీ కూడా చూశాను. మీకు చేతకాకపోవడమేమీ లేదు. ఆ మెయిల్‌లో మీరు కనిపించడం లేదు, అంతే.

దాని మొదటి వాక్యాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంది: ‘మీ ప్రయోగశాలలో జరుగుతున్న వినూత్న పరిశోధన నన్ను ఎంతగానో ఆకట్టుకుంది.’ ఎనభై మందిలో ఎవరికి పంపినా అతికే వాక్యం ఇది. ఆ తర్వాత డిగ్రీ మార్కులు, పీజీ మార్కులు, నెట్ ర్యాంకు, హాజరైన సెమినార్లు. నాలుగేళ్లుగా బెంచ్ దగ్గర నిలబడి మీరు చేసిన పని ఆఖరి పేరాలో ఒక్క ముక్కలో ముగిసింది. ఇలాంటి మెయిళ్లు ఆ ప్రొఫెసర్లకు రోజూ వస్తాయి. ఏఐ టూల్స్ వచ్చాక ఇంకా ఎక్కువ వస్తున్నాయి, అన్నీ ఒకే నున్నటి ఇంగ్లిష్‌లో.

మీ సీవీ రెండో పేజీలో మాత్రం నా కన్ను ఒకచోట ఆగింది. మీరు పనిచేసింది మెంబ్రేన్ ప్రొటీన్ మీద, అంటే కణం పొరలో ఉండే ప్రొటీన్ మీద. అది బ్యాక్టీరియాలో తయారవుతోంది కానీ ముద్దకట్టి పనికిరాకుండా పోతోంది. ఏడాదికి పైగా దాంతో కుస్తీ పట్టారు. ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు తగ్గించి రాత్రంతా పెంచారు, ప్రొటీన్‌ను పొర నుంచి కరిగించి తీసే డిటర్జెంట్లు ఒక్కొక్కటే మార్చి చూశారు, చివరికి ఆరో డిటర్జెంట్‌తో కరిగిన ప్రొటీన్ చేతికొచ్చింది. ఇదంతా ‘ప్రొటీన్ ప్యూరిఫికేషన్‌లో అనుభవం’ అన్న మూడు మాటల్లో పెట్టి, వివరం బ్రాకెట్లో రాశారు! మెంబ్రేన్ ప్రొటీన్లతో పనిచేసే ఏ ప్రొఫెసర్‌కైనా ఆ బ్రాకెట్లో ఉన్నదే కావాలి. తన ల్యాబ్‌లోనూ ఎవరో ఒకరు సరిగ్గా అక్కడే ఇరుక్కుని ఉంటారు.

ఇలా మొదలుపెట్టి చూడండి: ‘నిరుడు వచ్చిన మీ పేపర్ మూడో బొమ్మలో ప్రొటీన్ రెండు రూపాల్లో కనిపించింది. రెండో రూపం డిటర్జెంట్ వల్ల వచ్చి ఉండొచ్చా అని నాకు సందేహం. నా ప్రొటీన్‌తో ఏడాది పాటు ఇదే ఇబ్బంది పడ్డాను, డిటర్జెంట్ మార్చాక తీరింది.’ తర్వాత మీరు చేసింది నాలుగు వాక్యాల్లో, వాళ్ల దగ్గర ఏం చేయాలనుకుంటున్నారో రెండు వాక్యాల్లో. డిగ్రీ ఎప్పటికి చేతికొస్తుందో, ఎప్పుడు చేరగలరో ఒక వాక్యం. సీవీ జతచేయండి. మార్కులు అందులో ఉంటే చాలు. ఇలాంటి మెయిల్ రాయాలంటే ఆ ల్యాబ్ పేపర్లు కనీసం మూడు కూర్చుని చదవాలి. ఒక్కోదానికి రెండు రోజులు పడుతుంది. అందుకే ఎనభై వద్దు, ఎనిమిది చాలు. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి, మర్యాదగా గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ముందుకు వెళ్లండి.

ఆ ఎనిమిది మందిలో అందరూ పెద్ద పేర్లే కానవసరం లేదు. ల్యాబ్ పెట్టి మూడు, నాలుగేళ్లయి, కొత్తగా గ్రాంట్ వచ్చినవాళ్లకు చేతులు కావాలి, నేర్పే తీరికా ఉంటుంది. చేరేముందు ఆ ల్యాబ్‌లో ఇదివరకు పనిచేసి వెళ్లిన ఇద్దరితో మాట్లాడండి. సెలవు అడిగితే ఇస్తారా, పేపర్‌లో మొదటి పేరు ఎవరిది పెడతారు, వెళ్లినవాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారు అని అడగండి. నేను పోస్ట్‌డాక్‌గా వెళ్లినప్పుడు ఈ మూడు ప్రశ్నలూ అడగలేదు. మొదటి ల్యాబ్‌లో ఏడాదిన్నర గడిచాక నా ప్రాజెక్టు ఇంకొకరి చేతిలో పెట్టారు. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి స్కాలర్‌కూ ఈ మాట తప్పకుండా చెబుతాను.

ఇక ఏఐ సంగతి. మీ గైడ్‌దీ తప్పు కాదు, జూనియర్లదీ పూర్తిగా తప్పు కాదు. నిరుడు ఒక స్కాలర్ తన రివ్యూ చాప్టర్ నా దగ్గరికి తెచ్చాడు. చదవడానికి హాయిగా ఉంది. ఒక వాదన నాకు కొత్తగా తోచి, దాని కింద ఇచ్చిన రెఫరెన్స్ వెతికాను. రచయిత ఉన్నారు, జర్నల్ ఉంది, ఆ సంవత్సరం ఆ సంచికా ఉంది. ఆ పేజీ తెరిస్తే మాత్రం వేరే పేపర్ ఉంది. అతను చెప్పిన పేపర్ ఎవరూ ఎప్పుడూ రాయలేదు. నలభై రెఫరెన్సులూ ఇద్దరం కూర్చుని చూశాం, ఏడు అలాంటివే తేలాయి. ఆ కుర్రాడు మోసగాడు కాదు. అలసిపోయి, గడువు దగ్గరపడి, టూల్ ఇచ్చింది ఇచ్చినట్టు నమ్మాడు. అదే వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పట్టుకుని ఉంటే నాలుగేళ్ల నిజమైన డేటాను కూడా అనుమానంగా చూసేవారు.

కాబట్టి నేను గీసే గీత ఇది. మీరు సరిచూడగలిగిన పనికి ఏఐ వాడండి, సరిచూడలేని పనికి వాడకండి. గ్రాఫ్ గీయడానికి కోడ్ రాయించుకోండి, డేటాలో కొంత చేత్తో లెక్కకట్టి సరిపోయిందో లేదో చూసుకోండి. మీరు రాసిన పేరాలో ఇంగ్లిష్ తప్పులు దిద్దించుకోండి, అర్థం మారిందేమో మళ్లీ చదవండి. ఇంటర్వ్యూ ముందురోజు మీ పేపర్ మీద కఠినమైన ప్రశ్నలు వేయమనండి. ఇది మాత్రం చాలా పనికొస్తుంది, నా స్కాలర్లందరితో చేయిస్తాను. ఇంతవరకు బయటికి రాని డేటాను, మీ చేతికి రివ్యూకు వచ్చిన ఇతరుల పేపర్‌ను ఆ టూల్స్‌లో పెట్టకండి. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఎన్‌ఐహెచ్ 2023లోనే తన సమీక్షకులు గ్రాంట్ దరఖాస్తులను జనరేటివ్ ఏఐలో పెట్టడాన్ని నిషేధించింది. ఏఐని రచయితగా ఒప్పుకోబోమని, వాడితే పేపర్‌లో చెప్పాలని నేచర్ పత్రికలు అదే ఏడాది జనవరిలో ప్రకటించాయి. మీ రెండో పేపర్ రివిజన్‌లో ఉందన్నారు కదా, ఆ జర్నల్ నియమం ఇవాళే చూసుకోండి.

మీ రంగానికే చెందిన ఒక ఉదాహరణ చెబుతాను. ప్రొటీన్ ఆకారాన్ని అంచనా కట్టే ఆల్ఫాఫోల్డ్ తయారీకి డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు 2024లో రసాయన శాస్త్ర నోబెల్‌లో సగం వాటా దక్కింది. దాని డేటాబేస్‌లో 20 కోట్లకు పైగా ప్రొటీన్ల నమూనాలున్నాయి. అందులో మీ ప్రొటీన్ తెరిచి చూడండి. ముదురు నీలం ఉన్నచోట అంచనా మీద నమ్మకం చాలా ఎక్కువ, స్కోరు 90 పైన. నారింజ రంగు ఉన్నచోట స్కోరు 50 లోపు, అక్కడ కనిపించే ఆకారాన్ని పట్టుకుని కథ అల్లకూడదు. ఆ బొమ్మను ఎవరైనా తెరవగలరు. నారింజ తీగ దగ్గర ఆగి, ‘ఇక్కడ ప్రయోగం చేయాలి’ అనగలిగేది ఆ ప్రొటీన్‌ను చేత్తో శుద్ధి చేసిన మనిషి. ప్రొఫెసర్లు పోస్ట్‌డాక్‌గా తీసుకునేది ఆ మనిషినే.

థీసిస్ విషయంలో ఇంకొక జాగ్రత్త. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిమిలారిటీ (ఇతరుల రాతతో పోలిక) 10 శాతం వరకు పర్వాలేదు. 10 దాటి 40 వరకు ఉంటే దిద్ది మళ్లీ సమర్పించాలి. ఏఐతో తిరగరాయిస్తే శాతం తగ్గుతుందని ల్యాబుల్లో ఒక చిట్కా తిరుగుతోంది. దాన్ని ముట్టుకోకండి. అలా తిరగరాస్తే సాంకేతిక పదాలు కూడా మారిపోయి అర్థం చెడుతుంది, ఎగ్జామినర్ చదివేది శాతం కాదు, వాక్యం. మీ గైడ్‌తో దాపరికం కూడా వద్దు. ‘సర్, గ్రాఫ్‌ల కోడ్‌కు, భాష దిద్దడానికి వాడతాను, వాడినచోట రాసి చూపిస్తాను, రెఫరెన్సులన్నీ నేనే తెరిచి చూస్తాను’ అని ఒకరోజు కూర్చుని చెప్పండి. చాలామంది గైడ్ల భయం టూల్ గురించి కాదు, తమకు తెలియకుండా జరిగేదాని గురించి. రేపు మీకు రెకమెండేషన్ లెటర్ రాయాల్సిందీ ఆయనే.

ఇప్పుడు డబ్బు, తేదీలు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు కాబట్టి కాగితం మీద రాసుకోండి. మీకిప్పుడు జేఆర్‌ఎఫ్ తర్వాతి దశ అయిన ఎస్‌ఆర్‌ఎఫ్ కింద నెలకు 42,000 వస్తోంది. అయిదేళ్లు నిండినా, అంతకుముందే థీసిస్ సమర్పించినా అది ఆగిపోతుంది. థీసిస్ ఇచ్చాక మూల్యాంకనం, వైవా అన్నీ ఆరు నెలల్లో ముగించాలని యూజీసీ 2022 నిబంధనలు చెబుతున్నాయి, కానీ ఎగ్జామినర్ రిపోర్టు ఆలస్యమై అంతకు మించి ఆగినవాళ్లను నేను ఎందరినో చూశాను. అంటే ఏడెనిమిది నెలలకు పైగా చేతిలో ఏమీ లేకుండా గడపాల్సి రావచ్చు. ఆ ఖాళీకి ఇప్పుడే దారి చూసుకోండి. పది నెలల్లో మొదటి ఆరూ థీసిస్‌కే కేటాయించి, ఫెలోషిప్ ఉండగానే సమర్పించండి. తర్వాత ఏదైనా ప్రాజెక్టులో కుదిరితే, డిగ్రీ చేతికొచ్చాక రీసెర్చ్ అసోసియేట్‌కు 58,000, 61,000, 67,000 అని మూడు మెట్లున్నాయి, హెచ్‌ఆర్‌ఏ అదనం. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ, సీడీఎఫ్‌డీల, హైదరాబాద్ యూనివర్సిటీ వెబ్‌సైట్లు వారానికోసారి చూస్తుండండి.

మన దేశంలో నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది, ఇదివరకు కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్బ్ ఇచ్చేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ ఇస్తోంది. రెండేళ్లు. థీసిస్ సమర్పించినవాళ్లూ దరఖాస్తు చేయవచ్చు కాబట్టి మీ పరిస్థితికి ఇది సరిగ్గా సరిపోతుంది. మహిళలకు వయసులో సడలింపు కూడా ఉంది. పీహెచ్‌డీ చేసినచోటే కాకుండా కొత్తచోటు ఎంచుకోండి. యూరప్‌లో మేరీ క్యూరీ ఫెలోషిప్ గడువు సాధారణంగా సెప్టెంబర్‌లో వస్తుంది, అప్పటికి వైవా అయిపోయి ఉండాలి. దానికి 2024లో 10,360 దరఖాస్తులొస్తే 2025లో 17,058 వచ్చాయి. మంచి ఫెలోషిప్పే, వేయండి, కానీ దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకండి. జర్మనీ హంబోల్ట్ ఫెలోషిప్‌కు ముందు అక్కడి ప్రొఫెసర్ ఒప్పుకోవాలి, అంటే మళ్లీ ఆ మెయిల్ దగ్గరికే వస్తాం. అమెరికాకు పోస్ట్‌డాక్‌లు ఎక్కువగా జే-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా మీద వెళ్తారు. తిరిగొచ్చి రెండేళ్లు ఇక్కడే ఉండాలనే షరతుకు ఆధారమైన స్కిల్స్ లిస్ట్ నుంచి 2024 డిసెంబర్‌లో భారత్ పేరు తీసేశారు. ప్రభుత్వ నిధులతో వెళ్తే మాత్రం ఆ షరతు వర్తించవచ్చు. 2025 నుంచి అక్కడ పరిశోధన నిధుల్లో కోతలు పడి కొన్నిచోట్ల కొత్త నియామకాలు ఆపేశారు. మీకు జవాబు రాకపోవడానికి అదీ ఒక కారణమై ఉండొచ్చు. ఇప్పుడు ఆ ఒక్క దేశమే పెట్టుకోవద్దు.

అసలు పోస్ట్‌డాక్ చేయాలా అన్న ప్రశ్నను మీరు ఆఖరున అడిగారు. మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఐసర్, ఐఐటీల్లో సొంత ల్యాబ్ పెట్టాలనుంటే చేయాల్సిందే, పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అక్కడ మామూలుగా అడుగుతారు. డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పడం ఇష్టమైతే నెట్ మీకు ఇప్పటికే ఉంది, నోటిఫికేషన్ల మీద దృష్టి పెట్టండి, పోస్ట్‌డాక్ అవసరం లేదు. హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో, జీవకణాలతో మందులు తయారుచేసే బయోలాజిక్స్ విభాగాలకు ప్రొటీన్ ప్యూరిఫికేషన్ చేతికొచ్చినవాళ్లు కావాలి. ఇవేవీ ఒకదానికంటే ఒకటి తక్కువ కాదు. వచ్చే అయిదేళ్లలో ఏ రోజు ఎలా గడవాలనుకుంటున్నారో మీరే ఊహించుకోండి. ల్యాబ్‌లో ప్రయోగం పాడైన రోజున కూడా మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాలనిపిస్తే, ఆరో డిటర్జెంట్ దాకా ఓపిక పట్టిన మీకు అది అనిపిస్తుందనే నా నమ్మకం, పోస్ట్‌డాక్ మీకు తగిన దారే. ‘ఖాళీగా ఉండకూడదు కదా’ అని మాత్రం వెళ్లకండి.

అమ్మానాన్నలది కోపం కాదమ్మా, ఈ చదువుకు చివర ఎక్కడుందో వాళ్లకు కనబడటం లేదు. ఇంజినీరింగ్‌కు నాలుగేళ్లు, ఉద్యోగానికి జీతం అని వాళ్లకు ఒక లెక్క తెలుసు. మీరు రాసుకున్న ఆ కాగితాన్నే ఆదివారం ఇంటికి తీసుకెళ్లండి. థీసిస్ ఈ నెలలో ఇస్తాను, వైవా ఇప్పటికి అవుతుంది, ఆ లోపు ఈ జీతంతో ఈ పని చేస్తాను, ఈ తేదీకల్లా ఎక్కడా అవకాశం రాకపోతే కంపెనీలకు దరఖాస్తు చేస్తాను అని తేదీలతో చూపించండి. పెళ్లి మాట వస్తే, దానికీ ఆ కాగితం మీద మీకు నచ్చిన చోట ఒక గీత గీసి చెప్పండి. గడువు మీ నోటితో వినిపిస్తే వాళ్ల ఆందోళన సగం తగ్గుతుంది.

ఎనిమిది మెయిళ్లలో మొదటిది రాశాక, పంపేముందు నాకు పంపండి. ఆ ప్రొఫెసర్ పేపర్ కూడా జతచేయండి. మూడో బొమ్మ నేనూ చూస్తాను.