పోలింగ్ రోజు గాలివాన వస్తే

విజయనగరం,
మే 5, 2024

నానీ,

నీకు డ్యూటీ ఆర్డర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పీవోగా, అంటే బూత్‌కి పెద్దయిన ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా మొదటిసారి, అదీ ఇచ్ఛాపురం నియోజకవర్గం. బూత్ ఏదో 12న సామగ్రి ఇచ్చేటప్పుడు గానీ తెలీదు, కాబట్టి ఊరి గురించి ఇప్పటినుంచే టెన్షన్ పెట్టుకోకు. ఓటింగ్ మిషన్ సంగతి ట్రైనింగులో బాగానే చెప్పి ఉంటారు. వాన సంగతి మాత్రం రెండు ముక్కల్లో దాటేస్తారు. మే నెలలో మన వైపు మధ్యాహ్నం మూడింటి దాకా ఎండ మాడ్చేస్తుంది, నాలుగింటికి పడమటి కొండల మీంచి మబ్బు దిగుతుంది. 13న దిగదని ఎవరూ రాసివ్వలేదు కదా.

ముందు నా తప్పు చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక గెడ్డ (వాగు) పక్క ఊళ్లో డ్యూటీ పడింది. ఇంకో అరగంటలో పోలింగ్ ముగుస్తుందనగా గాలివాన పట్టుకుంది. లైన్లో ఉన్నవాళ్లు కొందరు రాములోరి కోవెల్లోకి, కొందరు ఎదురింటి అరుగుల మీదికి పరుగెత్తారు. నేను లోపల కిటికీలు మూయించే హడావుడిలో బయట ఎవరున్నారో చూసుకోలేదు. వాన తెరిపిచ్చేసరికి టైమ్ దాటిపోయింది. తడిసిన చీరలతో ఆడవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి, మేం లైన్లోనే ఉన్నాం అన్నారు. ఒక పార్టీ ఏజెంటు ఉన్నారంటాడు, ఇంకో ఏజెంటు లేరంటాడు. నా దగ్గర ఏ ఆధారమూ లేక వెనక్కి పంపేశాను. అందులో ఒక ముసలమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. న్యాయంగానే తిట్టింది.

అందుకే మబ్బు కనబడగానే లైన్ మొత్తాన్ని వరండాలోకి, ఖాళీ తరగతి గదిలోకి తెప్పించు. వరస చెదరకుండా చూడమని కానిస్టేబుల్‌కి చెప్పు. ఆరింటికి పోలింగ్ టైమ్ అయ్యాక, అప్పటికే లైన్లో ఉన్నవాళ్లకు చీటీలు ఇచ్చేటప్పుడు చివర నిలబడ్డ మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకు రావాలి. అప్పుడు వెనకాల కొత్తవాళ్లు చేరే వీలుండదు. చీటీల మీద వరస నంబరు, నీ పూర్తి సంతకం ఉండాలి. ఇంకో మాట, చెట్ల కింద ఎవరినీ నిలబడనివ్వకు. ఉద్దానంలో ఎటు చూసినా కొబ్బరి చెట్లే, పిడుగులు వాటి మీదే ఎక్కువ పడతాయి. షామియానా వేయించి ఉంటే గాలి మొదలవకముందే దింపించెయ్యి.

వాన పడగానే పోలింగ్ ఆపేయకూడదు. కాసేపు కురిసి పోయే జల్లూ, గట్టిగా వీచే గాలీ కారణం కావని మీకిచ్చే చేతి పుస్తకంలోనే ఉంది. ప్రకృతి వైపరీత్యం వల్ల ఓటింగ్ నిజంగా సాగనప్పుడు వాయిదా ప్రకటించే అధికారం ప్రజాప్రాతినిధ్య చట్టం 57వ సెక్షన్ నీకే ఇచ్చింది. కాబట్టి ఏజెంట్లు ఎంత అరిచినా నిర్ణయం నీదే. వాయిదా వేస్తే మామూలుగా పోలింగ్ ముగిసినట్టే మిషన్ మీద క్లోజ్ బటన్ నొక్కి, వాళ్ల ఎదుటే సీళ్లు వెయ్యి. ఎన్నింటికి ఆపావో, అప్పటికి ఎన్ని ఓట్లు పడ్డాయో, ఎందుకు ఆపావో డైరీలో రాయి. అప్పటిదాకా పడ్డ ఓట్లు ఎక్కడికీ పోవు, మళ్లీ పెట్టిన రోజు మిగిలినవాళ్లే వేస్తారు. ఈ ఒక్క ముక్క గట్టిగా చెబితే సగం గొడవ సద్దుమణుగుతుంది. మిషన్ తడిసి లెక్క తేల్చలేని స్థితి వస్తే మాత్రం కథ వేరు. 58వ సెక్షన్ కింద మొదటినుంచీ పోలింగ్ పెట్టాల్సి వస్తుంది, ఎండలో నిలబడి వేసినవాళ్లంతా మళ్లీ రావాలి.

అందుకని ముందురోజు సాయంత్రం బడికి చేరగానే మధ్యాహ్న భోజనం వండే ఆవిడను పిలిచి, ఏ గది ఎక్కడ కారుతుందో అడుగు. ఆవిడకు తెలిసినట్టు హెడ్‌మాస్టరుకు కూడా తెలీదు, నేను హెడ్‌మాస్టరుగా చేసి చెబుతున్న మాట ఇది. కారే చోటికీ కిటికీకీ దూరంగా మిషన్ పెట్టించు. కరెంటు పోయిందని కంగారు పడకు, మిషన్ బ్యాటరీతోనే నడుస్తుంది. నీకు దీపం కావాలి గానీ దాని వెలుతురు ఓటు చీటీ చూపించే వీవీప్యాట్ పెట్టె మీద సూటిగా పడనీయకు. ఓటర్ల రిజిస్టరుకి ప్లాస్టిక్ కవరు ఇంటినుంచే పట్టుకెళ్లు.

వాయిదా పడితే పీవోకి చెడ్డపేరేమీ రాదు. 2019లో మన పోలింగ్ ఏప్రిల్ 11నే అయిపోయింది. మే 3న ఫణి తుపాను పూరీ దగ్గర తీరం దాటింది. సహాయ పనుల కోసం మన రెండు జిల్లాలతో పాటు విశాఖ, తూర్పుగోదావరిలోనూ ఎన్నికల కోడ్ సడలించారు. ఒడిశాలో అభ్యర్థి మరణంతో ఒకసారి ఆగిన పట్కురా అసెంబ్లీ ఎన్నిక ఫణి వల్ల మళ్లీ వెనక్కి వెళ్లి, జులై 20న జరిగింది. 2012లో అమెరికాలో పోలింగ్‌కి ఎనిమిది రోజుల ముందు శాండీ తుపాను న్యూజెర్సీని కొట్టింది. ఇల్లు వదిలి వెళ్లినవాళ్లను ఈమెయిల్లో, ఫ్యాక్సులో కూడా ఓటు పంపనిచ్చారు. మన దగ్గర అలా కుదరదు. చెన్నై నుంచీ హైదరాబాద్ నుంచీ ఓటు కోసం రైలెక్కి వచ్చే మనవాళ్లు నీ గుమ్మం దాకా వచ్చి తీరాల్సిందే. మరి ఆ గుమ్మం తెరిచి ఉండాలి కదా.

తిరుగు ప్రయాణంలో గెడ్డ పొంగి ఉంటే, మిషన్లు అప్పజెప్పే రిసెప్షన్ సెంటర్‌కి లేటవుతుందని బస్సును నీళ్లలోకి దింపనీయకు. డ్రైవరు నేను దాటించేస్తానంటాడు, వినకు. సెక్టార్ ఆఫీసర్‌కి ఫోన్ చేసి మిషన్‌తో సహా బడిలోనే పోలీసు కాపలాతో ఉండిపో. ఎవరింట్లోనూ పెట్టొద్దు, సర్పంచ్ ఇల్లయినా సరే. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఫోన్లు ఎలా మూగబోయాయో గుర్తుందిగా, అందుకే సెక్టార్ ఆఫీసర్ నంబరు కాగితం మీద కూడా రాసుకో. ఫోన్ పోతే ఎవరి బైకు మీద కబురు పంపాలో ముందురోజే వీఆర్వోతో మాట్లాడి పెట్టుకో.

మీ అమ్మ గొడుగు సర్దుతోందట. గొడుగు వద్దు, రెయిన్‌కోటు తీసుకో. మిషన్ పెట్టె మోయడానికి రెండు చేతులూ కావాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ