మంచం పీకొద్దండి, కింద చోటుంది

రాజోలు సోదరా, వారం మధ్యలో రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) మోటార్ల రిపేరుకి, సెలవుల్లో పిల్లలతో తిరగడానికి లోపల పడుకునే ఏర్పాటున్న ఒకే క్యాంపర్ వ్యాన్ వాడాలంటే మంచం తీసేయాలా అని అడిగారు. అక్కర్లేదండి. మంచం కింద వెనక డోరు వైపు లాగే రెండు పొడవాటి సొరుగులు చేయించండి. బరువైనవి అడుగున, రెండు పక్కలా సమానంగా సర్దాలి. మన కాలవ గట్ల మీద ఒక పక్క బరువు ఎక్కువైతే బండి ఒరుగుతుంది, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

చెక్క ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) మార్కున్న, తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అయితేనే ఈ ఉప్పుగాలికి ఆగుతుంది. కోసిన అంచులకు కూడా వార్నిష్ పట్టించండి. చెరువు నీళ్లు తగిలిన పానాలు మంచినీళ్లతో కడిగి, తుడిచి, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. తడివి సొరుగులో పడేస్తే చెక్కా పాడే, ఇనుమూ పాడే.

పనికెళ్లే రోజు వ్యాన్‌లోని వంట గ్యాస్ సిలిండర్ ఇంట్లో దించేయండి. గ్రైండర్ నిప్పురవ్వల పక్కన అది వద్దు.

వ్యాన్‌లో 12 వోల్టుల 100 ఏహెచ్ (యాంపియర్ అవర్ల) లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటే, దాని 1200 వాట్ అవర్లలో సగమే, అంటే 600 వాట్ అవర్లే వాడుకోవాలి. 800 వాట్ల గ్రైండర్ దాంతో ముప్పావు గంట కూడా ఆడదు. చెరువు దగ్గర కరెంటే వాడుకోండి.

ఇన్సూరెన్స్ వాళ్లకు పని వాడకం గురించి ముందే చెప్పి రాయించుకోండి. ప్రైవేటు పాలసీలో బాడుగకు, సరుకు రవాణాకు కవరేజీ ఉండదు.

మంచం ఎత్తు, వెనక డోరు వెడల్పు ఎంతో రాసి పెట్టండి, సొరుగుల కొలతలు చెప్తాను.