వేలం ఇల్లు: ఏ ఊళ్లో కొనాలి?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో అద్దెకుంటున్నాం. బ్యాంకులు జప్తు చేసి వేలం వేసే ఇళ్లు తక్కువకొస్తాయని ఆఫీసులో అంటున్నారు. ఇక్కడే కె.ఆర్.పురంలో ఒక ఫ్లాటు, మా నెల్లూరులో ఒక ఇల్లు, చెన్నై అంబత్తూరులో ఇంకో ఫ్లాటు చూసి పెట్టుకున్నాను. ఏది మంచిదండీ?

జవాబు: ఊరి సంగతి తర్వాత. ముందు వేలం నోటీసులో స్వాధీనం అన్నచోట ఏం రాశారో చూడండి. ‘ఫిజికల్’ అంటే తాళం బ్యాంకు దగ్గరుంది. ‘సింబాలిక్’ అంటే గోడకి నోటీసు అంటించారు, అంతే, లోపల ఎవరో ఒకరు కాపురం ఉండే ఉంటారు. రేటు తగ్గడానికి చాలాసార్లు అసలు కారణం అదే.

మా బావమరిది ఇక్కడే బెంగళూరు హొరమావులో అలా ఒకటి కొన్నాడు. వెళ్లి చూసి రారా అంటే టైం లేదని ఫోన్లో ఫొటోలు చూసి పాట పాడేశాడు. డబ్బంతా కట్టాక వెళ్తే బాల్కనీలో పిల్లల స్కూలు యూనిఫాంలు ఆరేసి ఉన్నాయి, ఓ ముసలావిడ తలుపు తీసి ‘ఎవరు కావాలి బాబూ’ అంది. తాళం చేతికొచ్చేసరికి పద్నాలుగు నెలలు పట్టింది, అన్నాళ్లూ అద్దె ఒకవైపు, ఈఎంఐ ఒకవైపు.

వేలం లెక్క మాత్రం మూడుచోట్లా ఒకటే, బాకీ కట్టనివాళ్ల ఆస్తిని బ్యాంకు జప్తు చేసి అమ్ముకునే వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం. పాట మీ పేరున ఖాయమైతే ఆ రోజే, లేదంటే మర్నాటి పనిదినానికల్లా, ధరావతుతో (పాటకి ముందు కట్టే డిపాజిట్) కలిపి ధరలో 25 శాతం కట్టాలి. అమ్మకం ఖరారైన 15 రోజుల్లో మిగతాది. గడువు రాతపూర్వకంగా పెంచుకోవచ్చు గానీ మూడు నెలలు దాటదు. లోన్ వస్తుందిలే అన్న ధీమాతో పాట పాడి, తీరా అది రాకపోతే ఆ 25 శాతం పోయినట్టే. మద్రాసు హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో 2024లో సుప్రీంకోర్టు కూడా బ్యాంకు వైపే తీర్పిచ్చింది. అందుకని శాంక్షన్ లెటర్ చేతిలో పెట్టుకునే దిగండి.

ఊరిని బట్టి మారేవి కాగితాలు. కె.ఆర్.పురం ఫ్లాటుకి ఏ ఖాతానా బీ ఖాతానా అడగండి (ఖాతా అంటే కార్పొరేషన్ ఆస్తి రికార్డు, అనుమతులు సరిగా లేనివి బీలో ఉంటాయి), బీ అయితే లోన్ దగ్గరే తిప్పలు మొదలవుతాయి. అంబత్తూరుది ఫ్లాటు కాబట్టి యూడీఎస్, అంటే స్థలంలో ఆ ఫ్లాటుకొచ్చే వాటా, ఎంతో చూడాలి, పాత దస్తావేజులు తమిళంలో ఉంటే చదివి చెప్పే లాయరు కావాలి. నెల్లూరు ఇంటికి ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే రిజిస్ట్రార్ ఆఫీసు పత్రం) తీయించి, మీ వాళ్లెవరినైనా వీధిలో వాకబు చేయమనండి, ఆస్తి తగాదాలుంటే పక్కింటివాళ్లే చెప్పేస్తారు.

నన్నడిగితే, ఫిజికల్ అని ఉంటే కె.ఆర్.పురమే, బండేసుకుని పోయి చూడగలిగే దూరం. ఈ ఆదివారం వెళ్లి, ఆ ఫ్లాటు మెయింటెనెన్స్ ఎన్ని నెలలు బాకీ ఉందో వాచ్‌మన్‌ని అడగండి. ‘ఉన్నది ఉన్నట్టు’ అమ్ముతున్నాం అని నోటీసులోనే రాస్తారు కాబట్టి ఆ బాకీ, ఇంటిపన్ను, కరెంటు బిల్లు మీ నెత్తిన పడే అవకాశమే ఎక్కువ, పాట పాడేముందే ధరలోంచి తీసేసుకోండి.