టెక్ సందేహాలు: ఎందుకప్పా ఆ డబ్బా?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ 200డి కొన్నాను, 18-55 లెన్స్‌తో. మొన్న తెల్లవారుజామున గండికోటలో పెన్నా లోయ మీద సూర్యోదయం తీశాను. లోయ కనిపిస్తే ఆకాశం తెల్లగా పాలిపోతోంది, ఆకాశం బాగుంటే లోయంతా నలుపు. మా చిన్నాయన కొడుకు ఫోన్‌లో మాత్రం రెండూ చక్కగా వచ్చాయి. ‘ఎందుకప్పా ఆ డబ్బా?’ అని నవ్వుతున్నాడు. కెమెరాలో లోపమా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: లోపమేం లేదు. ఆ ఫోన్ తీసింది ఒక్క ఫోటో కాదు. చకచకా కొన్ని ఫ్రేములు తీసి, వెలుగూ నీడా సరిచూసి, అన్నీ కలిపి వండి వడ్డించింది. మీ కెమెరా ఒక్క ఫ్రేమ్ తీసి సరుకులు చేతికిస్తుంది. వంట మీరే చేసుకోవాలి.

ముందు మెనూలో క్వాలిటీని రా (సెన్సర్ చూసిందంతా దాచే ముడి ఫైల్) ప్లస్ జేపెగ్‌కు మార్చండి. మోడ్ డయల్‌ను ఏవీ మీద పెట్టి అపెర్చర్ 8 (లెన్స్ లోపలి రంధ్రం సైజు, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది), ఐఎస్ఓ 100 (వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఎంచుకోండి. ఒకటి తీసి, వెనక తెర మీద చూస్తూ ఇన్ఫో బటన్ నొక్కండి. పూర్తిగా తెల్లబోయిన చోట్లు నల్లగా మిణుకుమిణుకుమంటాయి. ప్లస్-మైనస్ గుర్తున్న బటన్ పట్టుకుని షట్టర్ బటన్ దగ్గరి డయల్ తిప్పుతూ, మళ్లీ తీసి చూస్తూ, సూర్యబింబం తప్ప మిగతాచోట ఆ మిణుకులు ఆగేదాకా మైనస్ వైపు వెళ్లండి. లోయ నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు. రా ఫైల్‌లో నీడలో ఉన్న రాళ్లను తర్వాత చాలావరకు పైకి తేవచ్చు, తెల్లబోయిన ఆకాశాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. ఇంటికెళ్లాక కెనాన్ ఉచితంగా ఇచ్చే డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్ తెరిచి షాడో స్లైడర్‌ను కొద్దికొద్దిగా జరపండి.

ఆ వేళకు వెలుతురు తక్కువ కాబట్టి షట్టర్ నెమ్మదిస్తుంది, చేత్తో పట్టుకుంటే ఫోటో షేక్ అవుతుంది. ట్రైపాడ్ లేకపోతే ఏదైనా బండ మీద తువ్వాలు మడిచి కెమెరా పెట్టి, 2 సెకన్ల టైమర్‌తో తీయండి. ఇంకోమాట, బయల్దేరే ముందు ఐఎస్ఓ చూసుకోండి. నేనోసారి పెళ్లిలో పెట్టిన 6400తోనే గండికోటలో సాయంత్రమంతా తీశాను. ప్రతి ఫోటోలో ఇసుక చల్లినట్టుంది!

ప్రశ్న: నికాన్ డి5600 సెకండ్ హ్యాండ్‌లో వస్తోంది. కొనే ముందు ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: అప్పటికప్పుడు ఒక ఫోటో తీసి, ఆ ఫైల్‌ను ఎగ్జిఫ్‌టూల్‌లో (ఫోటో ఫైల్‌లో దాగిన వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరవండి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నికాన్ అందులోనే రాసిపెడుతుంది. ఈ తరగతి కెమెరాల షట్టర్‌ను దాదాపు లక్ష సార్లకు పరీక్షిస్తారు. ఎనభై వేలు దాటి ఉంటే ధర గట్టిగా తగ్గించమనండి.

తర్వాత అపెర్చర్ 16 పెట్టి తెల్లగోడను తీసి జూమ్ చేయండి. నల్లచుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ముందన్నమాట. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లున్న జిల్లా మనది, రోడ్డు పక్కన లెన్స్ మార్చినవాళ్ల కెమెరా ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఈ బాడీలో ఫోకస్ మోటారు లేదు కాబట్టి చవగ్గా దొరికే పాత ఏఎఫ్-డి లెన్సులు కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

ప్రశ్న: మా పాప నామకరణం ఇంట్లోనే. కెమెరాతో పాటొచ్చిన కిట్ లెన్స్‌తో ఫోటోలన్నీ షేక్ అవుతున్నాయి. 50 ఎంఎం 1.8 లెన్స్ కొనమంటారా?
– ఒక పాఠకుడు, పులివెందుల

జవాబు: కొనండి. కిట్ లెన్స్ 50 దగ్గర అపెర్చర్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు, ఇది 1.8 దాకా తెరుచుకుని దాదాపు పది రెట్లు వెలుతురు తీసుకుంటుంది. 1.8 దగ్గర పాప ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసగ్గా రావచ్చు కాబట్టి 2.8 పెట్టుకోండి. గది చిన్నదైతే మాత్రం చిక్కే. మీ క్రాప్ సెన్సర్ (పాత ఫిల్మ్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) మీద ఈ లెన్స్ 75-80 ఎంఎంలా దగ్గరగా చూపిస్తుంది, తొట్టెలతో పాటు అవ్వాతాతలూ పడాలంటే మీరు వెనక్కి జరిగి వంటింటి గడప దాటాల్సి వస్తుంది.